బాపు కట్టిన సభాభవనం

బహమన్ నెల 4, ఆదివారం

ఇల్లు గుండ్రంగా ఉంటుందా! శుక్రవారం సెలవులో సంపాదించిన అచ్చుబొమ్మను మాస్టర్ సాబ్ ఇవాళ బడికి తెచ్చారు. దిల్లీలో సభ జరిగే భవనం. చుట్టూ బయట రాతి స్తంభాలు, వరసగా... "వర్తులాకార భవనం" అన్నారు. మక్తల్ బడి నుంచి ఇంటిదాకా అదే అనుకుంటూ నడిచాను. వర్తులాకారం. నోరు నిండే మాట.

"మన దేశపు సభ" అని, కిటికీ వైపు చూసి గొంతు తగ్గించారు. మనం ఉండేది నిజాం ముల్కులో, ఆయన రాజ్యంలో కదా. మనదా, కాదా? 

బహమన్ 5, సోమవారం

గురువారం బడిలో కట్టడాల నమూనాలు పెట్టాలి. బాగా చేసినవారిని పాలమూరు పెద్ద బడికి పంపమని మాస్టర్ సాబ్ రాస్తారట. నేను దిల్లీ భవనం చేస్తానన్నాను. "చెయ్యి. దిల్లీ అని మాత్రం రాయకు" అన్నారు. మరి ఏమని రాయాలి?

బొమ్మ అడిగి తెచ్చి బాపుకు చూపించాను. ఊరూరా బావులకు రాతికట్టు కట్టిన మనిషి. "గుండ్రపు కట్టడమా? గది నా పనే బిడ్డా. నువ్వు చదువుకో పో."

బహమన్ 6

రాళ్లు చెక్కుతూనే ఉన్నాడు. నన్ను దగ్గరికి రానివ్వడు.

బహమన్ 7, బుధవారం

అయిపోయింది. తట్టంత ఉంది.  స్తంభాలన్నీ లోపలివైపు! బయట ఉత్త గోడ. లోపల మెట్లు — కిందికి దిగుతున్నాయి. అచ్చంగా బావి.

"బాపూ, బొమ్మల స్తంభాలు బయట ఉన్నయి గద..."

"బొమ్మ గీసినోడు బయట నిలవడి గీసిండు. మంది కూసునేది లోపట. అందమంత బయట వెడితే వాళ్లేం జూస్తరు?"

అమ్మ తొంగిచూసి, "సభల నీళ్లెప్పుడు పడ్తయయ్యా?" అంది. బాపు కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

బాపు తప్పా, బొమ్మ తప్పా... దిల్లీలో కట్టినవాళ్లే తప్పా? ఏమీ తేలడం లేదు. ఇది ఇట్లాగే తీసుకుపోతే మాస్టర్ సాబ్ బొమ్మ పక్కన పెట్టి చూస్తారు. పాలమూరు బడి చేజారినట్టే. మారుద్దామంటే — బాపు రేపు బడికి వస్తాడట. ఇన్నేళ్లలో మొదటిసారి. ఉతికిన ధోవతి దండెం మీద ఆరుతోంది.

సున్నం ఇంకా పచ్చి. గట్టిపడితే స్తంభాలు కదలవు.

పొద్దున కోడి కూయకముందే లేవాలి. ముందు సున్నాన్ని వేలితో నొక్కి చూడాలి. ఇంకా మెత్తగా ఉంటే బాపును లేపాలి... స్తంభాలను ఆయన చేతులతోనే బయటివైపు తిప్పమని అడగాలి.