ఆ కుర్చీ చెడిపోలేదు

డాక్టర్ పెంచలకృష్ణ గారికి,

నమస్కారం రాయలేదు. కావాలనే రాయలేదు.

నిన్న మీ క్లినిక్ కాంపౌండరు మా ఇంటికి వచ్చి, మీ మీద మేము పెట్టిన అర్జీ వెనక్కి తీసుకోమన్నాడు. నేను తీసుకోను.

నా భర్త జీవానందం సముద్రంలో వేటకు పోయే మనిషి. దవడ పన్ను నొప్పితో సర్కారు ఆసుపత్రిలో మీ దగ్గరికి వస్తే, "ఇక్కడ పళ్లు చూసే కుర్చీ చెడిపోయింది, సాయంత్రం నా క్లినిక్‌కి రా" అన్నారు. అక్కడ అడిగినంత ఇచ్చుకోలేక, నొప్పి మాత్రలు మింగి ఊరుకున్నాడు. నాలుగో రోజుకు చీము మెడలోకి దిగి ఊపిరి ఆడలేదు. నెల్లూరులో గొంతుకు రంధ్రం పెట్టి బతికించినారు.

పోయిన వారం నేను ఆసుపత్రిలో మీ గదికి పోయినాను. స్విచ్ వేస్తే కుర్చీ చక్కగా పైకి లేచింది, లైటు కూడా వెలిగింది. ఆ స్విచ్ ఎవరు వేసినారో మీకు చెప్పను.

పంటి వైద్యానికి సర్కారు సామాన్లు ఇవ్వడం లేదని మీ కాంపౌండరు అన్నాడు. నిజమే కావచ్చు. ఆ మాటే మీరు ఆ రోజు చెప్పి ఉంటే, మా పేటంతా మీ వెంట కలెక్టరాఫీసుకు వచ్చేది. మీరు మాత్రం క్లినిక్‌కి దారి చూపించినారు.

సోమవారం విచారణ. మా ఆయన నోరు ఇప్పుడు రెండు వేళ్ల మందమే తెరుచుకుంటుంది. నేను మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. "నేనే చెప్తా" అన్నాడు. ఎంతసేపు పట్టినా మీరు కూర్చుని వినాల్సిందే.

ఇట్లు,
జీవానందం భార్య