కప్పబండికి టర్బో

సెప్టెంబరు 20, శనివారం

సుంకన్న పోయి మూడు రోజులు. గని ఈ రోజు మళ్ళీ తెరిచారు.

మా నాపరాయి గనిలో పదహారేళ్ళు పనిచేశాడు. బుధవారం పొద్దున పదకొండు గంటలకు బండ జారి నడుము మీద పడింది. అంబులెన్స్ వచ్చింది, పైనే నిలబడింది. గనిలోకి ర్యాంపు దిగదు అది. ఎప్పుడూ దిగదు. అందుకే కదా ఆ సైడ్ బై సైడ్ బండి కొన్నాం. గండికోట దగ్గర మూతపడిన ఏదో అడ్వెంచర్ పార్కు వాళ్ళు అమ్ముతుంటే మా ఆయన తెచ్చారు. రెండు సీట్లు, వెనక తొట్టి, లావు టైర్లు, ముందుకు పొడుచుకొచ్చిన లైట్లు. కప్పబండి అంటారు పనివాళ్ళు. ఆ పేరు పెట్టింది కూడా సుంకన్నే.

తొట్టిలో పడుకోబెట్టి ఎక్కిస్తుంటే ర్యాంపు సగంలో నిలిచిపోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. చివరికి నలుగురు జంపఖానాలో మోసుకొచ్చారు. ఇరవై నిమిషాలు. కర్నూలు ఆసుపత్రి చేరలేదు.

బండిలో దమ్ము లేదని అందరూ అంటున్నారు. ఆయన కూడా అదే. టర్బో వేయిద్దాం అన్నారు అన్నం తింటూ. అవన్నీ ఇంగ్లీషులో ఉంటాయి తనూజా, ఏ కిట్టు మంచిదో నువ్వే చూసి చెప్పు అన్నారు. సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానో.

సెప్టెంబరు 21, ఆదివారం

మహాలయ అమావాస్య. పక్షాలు అయిపోయాయి.

ఇక్కడన్నా రాయాలి. ఆ బండికి లారీలకు ఉన్నట్టు గేర్లు మార్చే పని లేదు. ఇంజను బలమంతా ఒక రబ్బరు బెల్టు మీదుగా చక్రాలకు పోతుంది. బెల్టు అరిగితే ఇంజను ఎంత అరిచినా బలం దారిలోనే జారిపోతుంది. ఆగస్టు నుంచీ ర్యాంపు ఎక్కేటప్పుడు కాలిన రబ్బరు వాసన వస్తోంది. సర్వీసు పుస్తకం చూసేది నేనే. కొత్త బెల్టు తెప్పించింది నేనే. తొమ్మిదో తేదీ వచ్చింది.

పక్షాలు మొదలై రెండో రోజు అది. పెద్దల దినాల్లో మా వైపు యంత్రానికి కొత్త వస్తువు ఎక్కించరు. ఇంకెంత, ఆయుధపూజకు మూడు వారాలు, పూజ చేసే వేయిద్దాం అనుకున్నాను. పెట్టె విప్పి, బెల్టుకు పసుపు కుంకుమ పెట్టి, పూజగదిలో పీట మీద ఉంచాను. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు నాకు. అత్తమ్మ ఉండి ఉంటే ఆవిడ మీదికి తోసేదాన్ని. ఆవిడ పోయి ఆరేళ్ళు.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. తొమ్మిదేళ్ళు డిగ్రీ కాలేజీలో ఘర్షణ పాఠం చెప్పాను.

నమ్మకం ఉండి చేశానా అంటే అదీ లేదు. వేస్తే ఏమన్నా అవుతుందేమో అని ఒక అనుమానం, అంతే. వేయకపోతే ఏమవుతుంది అన్న అనుమానం మాత్రం రాలేదు.

సెప్టెంబరు 23, మంగళవారం

రెండు కిట్లు తేలాయి.

మొదటిది పెద్దది. వీడియోలో బండి ఇసుక దిబ్బ మీద నుంచి ఎగిరి దూకుతుంది. ఆయన నాలుగుసార్లు చూశారు. రెండోది చిన్న టర్బో. పొగ గొట్టంలోంచి వచ్చే వేడిగాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి ఇంకాస్త గాలి తోస్తుంది. పెద్ద చక్రం తిరగడానికి వేగం కావాలి. చిన్నది తక్కువ వేగంలోనే అందుకుంటుంది. బరువుతో, నిదానంగా, ఏటవాలు ఎక్కడానికి చిన్నదే. గ్రాఫులు కాగితం మీద గీసి చూపించాను. పాఠం చెబుతున్నట్టు గొంతు కూడా మారింది నాకు. మనకు ఎగరే పని లేదు, మోసే పని అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. అప్పుడు బెల్టు మాట ఎత్తాను. ఆయన గ్రాఫు కాగితం మడిచారు. పూజగదిలో కొత్త బెల్టు ఉందని ఆయనకూ తెలుసు. రోజూ దండం పెట్టుకుంటారు కదా అక్కడ. చూడు, బండిలో దమ్ము లేదు, టర్బో వేయిస్తున్నాం, జనానికి అది తెలిస్తే చాలు అన్నారు. బెల్టు మాట ఇంకెక్కడా ఎత్తొద్దు అన్నారు. కోపంగా కాదు. నా కోసమే చెబుతున్నట్టు.

సెప్టెంబరు 24

చిన్న కిట్టుకే ఆర్డర్ పెట్టాను. బెంగళూరులో స్టాకు ఉందట.

సెప్టెంబరు 26

బెల్టు మీది కుంకుమలో నా వేలిముద్ర కనిపిస్తోంది.

సెప్టెంబరు 27, శనివారం

సుంకన్న పదకొండో దినం. పోయొచ్చాము.

అతని భార్య ఉరుకుందమ్మ మా పాలిష్ షెడ్డులోనే పని చేస్తుంది. ఆ రోజు కూడా మిషను మీదే ఉంది. గని లోపల ఏం జరిగిందో ఆమె చూడలేదు. అందుకే అడుగుతుంది. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతోంది. నా చెయ్యి పట్టుకుని, సగం దాంకా బాగనే వచ్చినాదంట కదమ్మా, ఆటికి యాల నిలబడిపాయ అంది.

బండికి శక్తి చాలలేదమ్మా అన్నాను.

తలూపింది. ఆయప్ప బరువు కూడా ల్యాకపాయ, ఎముకలు తప్ప యాముండాది ఒంట్లో, దాన్ని కూడా మోయల్యాకపాయనా అంది. పక్కన కూర్చున్న ముసలామె ఎవరో, మిషన్లను నమ్మితే అంతేనే అంది. ఉరుకుందమ్మ నా చెయ్యి వదల్లేదు. ఎట్లా విడిపించుకోవాలో తెలియక, మంచినీళ్ళు అడిగాను.

సెప్టెంబరు 28, ఆదివారం

పొద్దున్నే కిట్టు వచ్చింది. రెండు అట్టపెట్టెలు. ఆనందం తొమ్మిదికల్లా వచ్చేశాడు. రైల్వే గేటు దగ్గర లారీలు బాగుచేసే మెకానిక్. యాభై దాటింటాయి. ఇట్లాంటి బండికి టర్బో ఎప్పుడూ వేయలేదని ముందే చెప్పాడు. లారీకి వేసినా కదమ్మా, లారీ బిడ్డే కదా ఇది అన్నాడు.

షెడ్డు వెనక టార్పాలిన్ పరిచి సామాన్లన్నీ వరుసగా పెట్టించాను. నేను మాన్యువల్ చదవడం, అతను చేయడం. ఏ బోల్టు ఎంత బిగువు ఉండాలో చదివితే నవ్వాడు. నా మోచెయ్యి దాంకా నొప్పి పుడితే సరిపోయినట్లమ్మా అన్నాడు. బిగువు కొలిచే మీటరు తెప్పించాను. తీసుకున్నాడు కానీ ముందు మోచేతితోనే చూశాడు. రెండూ ఒకటే వచ్చాయి. నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

టర్బోతో పాటు గట్టి బెల్టు కూడా వచ్చింది కిట్టులో. దాన్ని వేయడానికి పాత బెల్టు మూత విప్పాడు.

విప్పి లోపల వేలు పెట్టి చూశాడు. లోపలంతా నల్లటి పొడి. బెల్టు అంచులు అద్దం మాదిరి నున్నగా ఉన్నాయి. ఒకచోట దారాలు బయటికి వచ్చాయి. అమ్మా, ఇంజనుకు యా రోగమూ ల్యా అన్నాడు. దీన్ని మార్చి ఎన్నాళ్ళాయ అన్నాడు.

మాన్యువల్‌లో పేజీ తిప్పాను.

సరే, ఒకటి చూద్దాం, టర్బో ఇప్పుడే వద్దు, బెల్టు ఒగటే వేసి ఎక్కిస్తా అన్నాడు. గడియారం చూశాను, ఎందుకో. విప్పడం, ఊదడం, కొత్తది ఎక్కించడం, మూత బిగించడం. నలభై నిమిషాలు.

తొట్టిలో రెండు ఇసుక బస్తాలు వేశాడు. సుంకన్న అంత బరువు ఉంటాదా అని నన్నే అడిగాడు. ఇంకొంచెం ఎక్కువే అన్నాను. గని అడుగు దాకా దిగి, మలుపుకుని, ఎక్కించుకొచ్చాడు. ఎక్కడా ఆగలేదు. ఇంజను గొంతు కూడా మారలేదు.

ఆదివారం కాబట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

దిగి, చేతులు తుడుచుకుని, టర్బో యాలమ్మా ఇంక అన్నాడు. వేయి ఆనందం అన్నాను. నా మొహం చూశాడు. నాకేం చెప్పొద్దులేమ్మా, నేను అడగల్యా అన్నాడు. మళ్ళీ కూర్చుని పని మొదలుపెట్టాడు. పాత బెల్టు ఎక్కడ పడేశాడో చూడలేదు నేను.

సెప్టెంబరు 30, మంగళవారం

రెండు రోజులుగా అదే పని. టర్బోకి ఆయిలు పోయే సన్నటి గొట్టం, మళ్ళీ ఇంజనులోకి దిగే లావు గొట్టం. దిగే గొట్టం ఎక్కడా పైకి లేవకూడదు, ఆయిలు నిలిస్తే చక్రం కాలిపోతుందని మాన్యువల్ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ చదివాను. ఆనందం విసుక్కున్నాడు. నీళ్ళు మిట్టకు పారవని నాకు తెలుసు లేమ్మా అన్నాడు.

గాలి చల్లబరిచే పెట్టె సీట్ల వెనక బిగించాడు. ఈ రాతిపొడిలో ఇది ఎన్నాళ్ళు బతుకుతాదో, ఫిల్టరు దినామూ దులపాల, ఒక దినం కూడా రేపు అనొద్దండి అన్నాడు. ఊరికే అన్నాడో, కావాలని అన్నాడో.

సాయంత్రం స్టార్టు చేశాం. సన్నగా ఈల వేస్తుంది. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. కప్పకు గొంతు పుట్టినాది రా అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఆయన కూడా. చూడండప్పా, పోయినోడిని తేలేం, ఇంకొకరు పోకుండా చేస్తా అన్నారు వాళ్ళతో. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

అక్టోబరు 1, బుధవారం

ఆయుధపూజ. మిషన్లన్నీ కడిగి బొట్లు పెట్టాం. కప్పబండికి అరటి పిలకలు, బంతిపూలు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ కొట్టారు.

మొదటిసారి ర్యాంపు ఎక్కేటప్పుడు ఉరుకుందమ్మ కూర్చోవాలని ఆయన ఆలోచన. పిలిపించారు. మొదటిది ముత్తైదువ కూర్చోవాల కదా అని ఎవరో సణిగారు. అయితే తనూజ ముందు సీట్లో, ఆమె మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది అని ఏదో సర్దబోయారు ఆయన. ఉరుకుందమ్మ ఆ మాటలేవీ వినలేదు. వెనక్కి పోయి తొట్టిలోకి ఎక్కింది. ఆయప్ప ఈడనే కదా పండుకునింది అంది. కడ్డీ పట్టుకుని కూర్చుంది.

అడుగు నుంచి బయల్దేరాం. ఆయన నడుపుతున్నారు. ఈల, ఆ వెంటనే వీపును సీటుకు నొక్కేంత ఊపు. నేను గీసిన గ్రాఫు ఎట్లా ఉందో అట్లానే. సగంలోకి వచ్చేసరికి వెనక కడ్డీ మీద టకటకా కొట్టింది. ఆయన ఆపారు.

ఈడనేనా అంది.

ఆయన ముందుకే చూస్తున్నారు. ఈడే అన్నాను నేను.

పక్కకు వంగి నేలను చూసింది. నాపరాయి, పొడి, టైరు గుర్తులు. ఇంకేం లేదు. సరే పోనీయండి అంది. ఏటవాలులో, ఆగినచోటు నుంచే, బండి గుక్క తిప్పుకోకుండా పైకి వచ్చింది. పైన అందరూ చప్పట్లు కొట్టారు.

దిగి బండి చుట్టూ తిరిగింది. శానా బాగ ఎక్కుతాండాది అంది. ఇది మునుపే బిగించింటే బాగుండు, ఆ దేవుడు అప్పుడు బుద్ధి పుట్టీల్యా అంది. తర్వాత ఆయనకు దండం పెట్టింది.

దండం పెట్టింది.

పూజగదిలో ఆ బెల్టు ఇంకా ఉంది. ఇప్పుడు దానితో పని లేదు, పాత సామాన్లలో పడేయి అన్నారు ఆయన.

అక్టోబరు 2

పడేయలేదు.

అక్టోబరు 4, శనివారం. మధ్యాహ్నం మూడు గంటలు

పొయ్యొచ్చాను.

బెల్టును సంచిలో పెట్టుకుని నడిచిపోయాను. ఉరుకుందమ్మ గడప దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచింది. కూర్చోమన్నాను. బెల్టు తీసి ఆమె ముందు పెట్టాను. ఏందమ్మా ఇది అంది. చెప్పాను. వాసన సంగతి, తొమ్మిదో తేదీ సంగతి, పక్షాల సంగతి, ఆనందం ఇసుక బస్తాలతో ఎక్కించిన సంగతి. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని అబద్ధం చెప్పాను అని కూడా చెప్పాను. పొడుగ్గా చెప్పాను. దీనివల్లే పోయాడని ఎవరూ చెప్పలేరు, కానీ దీనివల్ల కాదని నేను చెప్పలేను అన్నాను. ఆ వాక్యం దారంతా కూర్చుకుంటూ పోయాను. చెప్పాక సిగ్గేసింది.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండని కూడా అనుకున్నానేమో. బెల్టును చేతిలోకి తీసుకుని, గాజు చూసినట్టు చుట్టూ తిప్పి చూసింది. కుంకుమను గోటితో గీకింది.

దీన్ని తగిలించేకి ఎంతసేపు పడతాది అంది.

నలభై నిమిషాలు.

నలభై నిమిషాలు అని తను కూడా ఒకసారి అంది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను అడగలేదు. తాగాను. మళ్ళీ కూర్చుని కాయలు ఒలుచుకుంటోంది. బెల్టు ఒళ్ళోనే ఉంది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. లేచి వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం

ఆయనకు చెప్పాను. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆమె మీద ఇంకో బండ వేసి వచ్చావు అన్నారు. అయ్యుండొచ్చు.

అక్టోబరు 6, సోమవారం

ఉరుకుందమ్మ పనికి వచ్చింది. బెల్టు తన మిషను పైన మేకుకు తగిలించింది. పసుపు అట్లానే ఉంది. ఏందది అని ఎవరడిగినా మాట్లాడదు, నేను కూర్చునే ఆఫీసు గది వైపు చెయ్యి చూపుతుంది.

పొద్దున్నించి ఐదుగురు వచ్చి అదేందని నన్ను అడిగారు.

ఆరో మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.