మేడమ్ సంచిలో నా పాస్‌పోర్ట్

అల్ సువైక్, ఒమన్, ఆగస్టు 2008
గురువారం రాత్రి

ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఇన్నాళ్లకు పెన్ను పట్టాను. నా మీద పడిన కష్టాన్ని మేడమ్ ఈ సాయంత్రం చుట్టాలకు తమాషాగా చెప్పి నవ్వించింది. నేను వాళ్లకు కహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోస్తూ నిలబడ్డాను.

పోయిన నెల సెలవులకు యూరప్ వెళ్తూ ఇంటిపనికి నన్నూ వెంట తీసుకెళ్లారు. స్విట్జర్లాండ్ నుంచి ఇటలీ వెళ్లాల్సిన మా రైలు ఒక రోజు రద్దయింది. వేరే రైల్లో ఐదు సీట్లే దొరికాయి. మేం బాబా అని పిలిచే యజమాని, మేడమ్, వాళ్ల ముగ్గురు పిల్లలు ఎక్కేశారు. "నువ్వు పెట్టెలతో తర్వాతి రైల్లో రా" అని బాబా నాకు టికెట్, తన ఫోన్ నంబరు ఇచ్చాడు. నా పాస్‌పోర్ట్ ఎప్పటిలాగే మేడమ్ సంచిలో వెళ్లిపోయింది. వాళ్లకు గుర్తు రాలేదు. నాకు అడగడానికి నోరు రాలేదు.

సరిహద్దులో పోలీసులు నన్ను దించేశారు. వాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేశాక, బాబా పాస్‌పోర్ట్‌తో వెనక్కి వచ్చేదాకా ఐదు గంటలు ఒక గదిలో గోవిందనామాలు చదువుకుంటూ కూర్చున్నాను. ఆయన రాకపోతే నేనెవరినని చెప్పుకోవాలి? వచ్చినవాడు ముందు పెట్టెలు అన్నీ ఉన్నాయా అని చూసుకున్నాడు.

చుట్టాలు వెళ్లాక, పాస్‌పోర్ట్ ఇకమీద నా దగ్గర ఉంచుకుంటానని మెల్లగా అడిగాను.

"ఎందుకు, పారిపోతావా?" అని మేడమ్ మళ్లీ నవ్వింది.

డ్రైవర్ నర్సయ్య విని, "అక్కా, గట్ల అడిగితే అనుమానపడ్తరు. సప్పుడు జెయ్యకు" అన్నాడు.

వచ్చే వేసవికి ఫ్రాన్స్ అట. నన్నూ తీసుకెళ్తారట...

స్వామీ, కోపంతో రాసిన మాటలివి. అయినా చింపను. నీ పటం వెనక పెడుతున్నాను. దాచిపెట్టు, ఎవరికీ చూపించకు.