నెయ్యి లేని మలిద

బిడ్డలా చూసుకున్న ఆడబిడ్డ రామమ్మకు,

నిన్ను నోటితో తిట్టలేక, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా కట్ చేస్తున్నాను. రాసి చెప్పడమే నయం. వచ్చే నెల మీ అన్న సంవత్సరీకం. నువ్వు రావద్దు.

ఎందుకో కూడా విను. మహబూబ్‌నగర్ దవాఖానలో ఆయన గుండెకు స్టెంట్ వేసిన రోజు, నెయ్యి ముట్టనివ్వొద్దని డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. నెయ్యి లేనిదే మీ అన్నకు ముద్ద దిగదని నీకు తెలియనిదా? అందుకే సొంత ఇంట్లో దొంగతనం మొదలుపెట్టాను. కుసుమ నూనెలో తమలపాకు వేసి కాచి, చిటికెడు పసుపు కలిపి నెయ్యి డబ్బాలో పోశాను. మలిద చేసినా, నలిపిన రొట్టెల్లో బెల్లంతో పాటు అదే కలిపాను. మొదటి ముద్దకే, "నీ చేతి రుచి సచ్చిందే" అన్నాడు. ఊరంతా అదే చెప్పుకొచ్చాడు. ముప్పై ఏళ్లలో వంటకు మాట పడని దాన్ని, పడ్డాను. నిజం చెబితే డబ్బా విసిరికొట్టి అసలు నెయ్యే తెప్పించుకుంటాడని నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత గొర్ల బేరమంటూ వారం వారం మీ కోస్గి అంగడికి రావడం, నీ ఇంట్లో తినడం. తిరిగొచ్చి నా ముందే, "మా చెల్లె మలిద జేసింది, నెయ్యి కారుతుండె" అని లొట్టలు వేసేవాడు. చివరికి నీ ఇంట్లో, నీ పళ్లెం ముందే పోయాడు. నెయ్యి పోసి పోసి చంపావు రామమ్మా. నా చప్పిడి కూడే ఆయన్ని నీ దగ్గరికి తరిమిందని తలుచుకుంటే నా మీద నాకూ అంతే కోపం. పొయ్యి ముందు కూర్చుంటే ఏడుపే వస్తోంది.

మీ వదిన,
గుర్వమ్మ

*

కోస్గి

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా బిడ్డ ప్రవళిక మీద ఒట్టు, అన్నకు నేను నెయ్యి పెట్టలేదు. డాక్టర్ మాట నేనూ విన్నాను గదా. కేకులో వెన్నకు బదులు మాగిన అరటిపండు వేస్తారని మా ప్రవళిక ఫోన్లో చూసి చెప్పింది. మలిదలో అదే మెదిపి, గోరువెచ్చని పాలు చిలకరించాను. పప్పులోకి నీలాగే కుసుమ నూనె. "నెయ్యంటే గిట్లుండాలె" అని వేళ్లు నాకాడు. నీకు చెబితే ఆయన చెవిన పడుతుందని దాచాను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "వదిన వండితే వంకలు వెడ్తవంట, గీడ మంచిగ తింటున్నవ్. ఏందన్నా?"

పళ్లెం గీకుతూ చెప్పాడు.

"ముద్ద ముద్దకు నా మొఖమే జూస్తది రామమ్మా. గిదే ఆఖరి బువ్వ అన్నట్టు జూస్తది. గట్ల జూస్తుంటే ఎట్ల దిగుతది? నువ్వన్న జర అటు దిక్కు తిరుగు."

రుచి సంగతి కాదు వదినా. ఈ మాట నీకు చెప్పే ధైర్యం లేక కడుపులోనే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి వడ్డించి పొయ్యి వైపు తిరిగి కూర్చునేదాన్ని. గొర్ల ధరలు, వానలు, నీ మోకాళ్ల నొప్పులు, అన్నీ చెబుతూ హాయిగా తినేవాడు. ఆ రోజు కూడా అటే తిరిగి ఉన్నాను. మాట ఆగింది. నోట్లో ముద్ద ఉందేమో అనుకున్నాను. పెనం మీద రొట్టె తిప్పాను. ఇంకోటి కాల్చాను. అప్పుడు వెనక్కి చూశాను.

రావద్దన్నా వస్తాను. నెయ్యి పోశానని తిట్టకు, ఆ పని నేను చేయలేదు. చూడలేదని తిట్టు వదినా, పడతాను.

నీ రామమ్మ