స్వామి మెడలో చారల పురుగు

తాండూరు, 1959
శనివారం రాత్రి

మా అత్తమ్మతో వేగలేక చస్తున్నాను. సీతాకోకచిలుక ఎలా పుడుతుందో పిల్లలకు చూపిద్దామని, బడి వెనక బీడులో జిల్లేడు మీద చారల పురుగులను కనిపెట్టుకొని ఉన్నాను. రెండు శనివారాల కింద ఈమె ఆ ఆకులే తెంపి హనుమంతుడికి మాల కట్టింది. ఒక పురుగు మాలతోపాటే గుడికి పోయి, స్వామి మెడలోనే గూడు కట్టుకుంది. ఆకుపచ్చ గూడు మీద బంగారు చుక్కలు చూసి పూజారి ఆ మాల తియ్యనే లేదు. స్వామి నగ పెట్టుకున్నాడని ఊరంతా దండాలు. అది పురుగు గూడు అని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

ఇవాళ పొద్దున అందరి ముందే అందులోంచి సీతాకోకచిలుక వచ్చి ఎగిరిపోయింది. ఇప్పటికైనా నమ్ముతారనుకున్నాను. అత్తమ్మ నమ్మింది కూడా. సాయంత్రానికి బీడులో మిగిలిన పురుగులన్నీ ఏరి, కొత్త మాలలో పెట్టి గుడిలో ఇచ్చి వచ్చింది.

"ఎందుకట్ల చేసినవ్ అత్తమ్మా?"

"నువ్వే చెప్తివి గద, గా పురుగే గూడైతదని. హనుమాండ్ల సామికి ఒక్క నగ ఏం సరిపోతది?"

"ఆకులు వాడిపోతే అవి ఏం తింటయ్?"

"గది నీకే ఎరుక. సదువుకున్నదానివి."

పిల్లలకు ఇంకా ఎక్కని పాఠం ఈమెకు ఒక్క పూటలో ఎక్కింది. రేపు ఆదివారం, కాస్త ఆలస్యంగా లేద్దామనుకున్నాను. ఇప్పుడు తెల్లారకముందే తాజా ఆకులు తెంపుకొని గుడికి పోవాలి. ఇన్నాళ్లకు పంతులమ్మకు భక్తి కుదిరిందని పూజారి అందరికీ చెప్తాడు.