సుభద్రగారికి ఒక పుస్తకం

16 నవంబరు 2009, సోమవారం

ఎట్టకేలకు సుభద్రగారి గొంతు విన్నాను. రెండేళ్లుగా పుస్తకాల వెబ్‌సైటులో ఆవిడ జాబితా చూసే నేను తర్వాత ఏం చదవాలో తేల్చుకుంటున్నాను. ఆవిడ అయిదు స్టార్లు ఇచ్చారంటే ఇంక ఆలోచించకుండా కొనేయడమే. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. నాలుగు నెలలుగా ఆ జాబితాలో కొత్త పుస్తకం చేరకపోయేసరికి ఉండబట్టలేక, ఒంట్లో బాగుందా అని రాసి నా నంబరిచ్చాను. ఈ రోజు ఆఫీసులో లంచ్ టైముకి ఆవిడే ఫోన్ చేశారు. ఉండేది ఆర్కే పురంలోనట, మాకు నాలుగు బస్‌స్టాపుల దూరం.

“చూపు తగ్గిపోతోందమ్మా. ఇంకొక్క పుస్తకం చదవగలనేమో. అదేదో నువ్వే చెప్పు,” అన్నారు, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినంత మామూలుగా.

ఇంటికొచ్చి వెబ్‌సైటు తెరిచాను. నేను అయిదు స్టార్లిచ్చినవన్నీ ఆవిడ ముందే చదివేసినవి. నాకు నచ్చుతాయని అది చూపించేవి కూడా ఆవిడ జాబితాలోవే. ఇన్నాళ్లలో నా అంతట నేను ఏరుకున్నది ఒక్కటీ లేదు. సిగ్గేసింది. ఏదో ఒకటి చెప్పేస్తే, తీరా అది బాగుండకపోతే?

తొమ్మిదింటికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేశాను.

“ఏ పుస్తకమో ఇంకా తేలలేదండీ. ఏదైనా సరే, మీ కళ్లకి శ్రమ ఎందుకు? ఆదివారాలు నేనొచ్చి చదివి వినిపిస్తాను.”

వద్దంటారనుకున్నాను.

“అచ్ఛా! అలాగైతే కాస్త లావుపాటిది చూడు,” అన్నారు.