సెక్టర్ 7 ఎస్టీడీ డబ్బాకు తలుపు తిరిగి ఇప్పించు విషయమై

సార్వజనిక వస్తువుల పునర్వినియోగ అధికారి
శ్రీయుత యుగంధర్ గారి సముఖమునకు, భిలాయి.

అయ్యా,

విషయం: తమరు బాగుచేసిన డబ్బాను మునుపటిలా పాడుచేసి ఇప్పించుట గురించి.

సెక్టర్ 7 క్వార్టర్లలో ఉంటున్న రిటైర్డు ఖలాసీ బొడ్డేపల్లి గురునాథరావు, వయసు 76, వ్రాసుకొను అర్జీ. హిందీలో ఇచ్చిన రెండు అర్జీలకు జవాబు రాలేదు. తమరు మన విజయనగరం వైపువారని తెలిసి ఇది తెలుగులో రాస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకోగలరు. తమకు తీరిక ఎక్కువని విన్నాను.

1. మార్కెట్టు మూల ఉన్న పసుపు రంగు డబ్బా అప్పలసూరిది. కాలు సరిగా లేనివాడని ఆనాడు అతనికి ఇచ్చారు. అందరి చేతుల్లోకీ సెల్లులొచ్చాక అతను ఫోను పీకేసి, తాళంచెవి మాకిచ్చి, కుమ్హారిలో కూతురి దగ్గరకు వెళ్లిపోయాడు. మేము అందులో ఒక స్టూలు వేశాం. అంతే. దీన్ని పునర్వినియోగం అంటారని తమ బోర్డు చూశాకే తెలిసింది.

2. రెండు గదుల క్వార్టర్లలో మాట దాచుకోడానికి చోటుండదు. ఎవరి సెల్లు వారు పట్టుకుని డబ్బాలోకి వెళ్లి, తలుపు వేసుకుని మాట్లాడుకునేవారు. మా పక్క బ్లాకు కొత్తకోడలు రజనీకుమారి వాళ్లమ్మతో మాట్లాడుతూ అందులోనే ఏడ్చేది. కళ్లు తుడుచుకుని, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వెళ్లేది. వరుసలో ఉన్నవాళ్లు డబ్బాకు వీపు పెట్టి నిలబడాలి. ఈ రూలు ఎవరూ రాయలేదు. పదకొండేళ్లలో ఎవరూ తప్పలేదు.

3. నా సంగతి. మిల్లులో ముప్పై నాలుగేళ్లు క్రేనుకు చేతిసైగలు చూపించాను. ఆ మోతలో నోటితో పని లేదు. నాకూ అదే బాగుండేది. నలుగురిలో నా గొంతు లేవదు.

అయితే రాజాం దగ్గర మా ఊళ్లో మా అక్క సింహాచలమ్మ ఉంది. అప్పా అని పిలుస్తాను. ఎనభై నాలుగేళ్లు. అమ్మ పోయాక నన్ను పెంచింది. ఇప్పుడు చెవులు పోయాయి. పక్కింటి మణిమాల బుధవారం పదకొండు గంటలకు తన ఫోను తెచ్చి ఆమె చెవికి ఆనిస్తుంది. నేను అరవాలి. ఇంట్లో అరిస్తే గోడ అవతల నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాడు లేస్తాడు. తలుపు వేసుకుంటేనే నాకు గొంతు లేస్తుందని అక్కకూ తెలుసు. డబ్బాలో, తలుపు వేసుకుంటే, వారానికి పది నిమిషాలు నేనూ గొంతున్న మనిషినే.

4. అయిదు వారాల క్రితం తమరు వచ్చి రిబ్బను కత్తిరించారు. తలుపు ఉంటే ప్రజలకు దూరం అని మైకులో చెప్పి, తలుపు ఊడదీయించారు. స్టూలు తీసేసి అరలు కొట్టించి జ్ఞాన కుటీరం అని పేరు పెట్టారు. అందులో ఒక బాయిలరు నిబంధనల పుస్తకం, ఎనిమిదేళ్లనాటి రైల్వే టైంటేబులు, మిగిలినవి తమ విభాగం వార్షిక నివేదికలు. వాటన్నిటికన్నా పెద్దది తమ ఫోటో. ఇప్పటివరకు వచ్చిన పాఠకురాలు ఒక ఆవు. ఒక నివేదిక సగం దాకా పూర్తిచేసింది.

ఊడదీసిన తలుపు తమ ఆఫీసు వరండాలో ఇటుకల మీద పరిచి ఉంది. దాని మీద టీ గ్లాసులు కడుగుతున్నారు. దానివల్ల ప్రజలకు తమరెంత దగ్గరయ్యారో తెలియదు.

5. ఆ మొదటి బుధవారం తలుపు లేని డబ్బాలో నిలబడి, అప్పా అని పిలిచాను.

"ఎవులు?" అంది.

ఇంకొంచెం గట్టిగా పిలిచాను.

"ఎవులు బాబూ?" అంది.

మార్కెట్టంతా ఇటు తిరిగింది. సమోసా బండి అతను, దాదాజీకి ఎవరితో తగువు అని నవ్వాడు. ఒకరు వీడియో తీశారు. ఫోను కట్టేశాను. మళ్లీ చేయలేదు. చేద్దామని మైదానంలోకి వెళ్లినా నోరు పెగల్లేదు.

తమ గుమాస్తా సతీష్‌కుమార్‌కు చెప్పుకుంటే మెసేజ్ పెట్టమన్నాడు. అక్కకు చదవడం రాదు. అతనికి వినడం రాదు.

6. నిన్న మణిమాల కబురు చేసింది. నేను పోయాననే అక్క అనుకుంటోందట. బతికే ఉన్నాడని ఎంత చెప్పినా నమ్మడం లేదట. "బతికుంటే అరిసీవోడు కాడేటి?" అందట. అన్నం సరిగా తినడం లేదట.

కావున ఈ సంగతి చిత్తగించి, గ్లాసులు తీయించి, తలుపు ఇప్పించవలెను. పుస్తకాలు ఆవుకు వదిలేయవచ్చు.

తలుపు వచ్చేవరకు
తమ విధేయుడు
బొ. గురునాథరావు

వెనక పేజీ చూడవలెను:

పై అర్జీ ఇవ్వడానికి ఈ రోజు వచ్చాను. బుధవారం. తమరు సీట్లో లేరు. ఇది నాలుగోసారి. ప్యూను జోజి, నిలబడలేరు బాబాయ్ అని తమ గదిలో కూర్చోబెట్టాడు. ఇది తమ బల్ల మీద, తమ పెన్నుతోనే రాస్తున్నాను.

తమ గదికి మంచి తలుపు ఉంది. మూస్తే హాల్లో కూలరు మోత కూడా వినబడలేదు. పదకొండయింది. ఫోను చేశాను.

అప్పా, నేనే అని అరిచాను. తమ మంచినీళ్ల గ్లాసు మీద మూత అదిరింది.

"ఒరే, తలుపేసినావేటిరా?" అంది.

"ఏసినానే."

"మరయితే గట్టిగా సెప్పు."

చెప్పాను. ఏం చెప్పానో తమకు అనవసరం. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే జోజి, ఎవరూ చెప్పకుండానే, తలుపుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

డబ్బాకు తలుపు వచ్చేవరకు ప్రతి బుధవారం పదకొండుకు వస్తాను. తమరు ఎలాగూ ఉండరు. పొరపాటున ఉంటే, జోజి పక్కన నిలబడగలరు. ఎటు తిరిగి నిలబడాలో అతను చూపిస్తాడు.